చూడబోయిన యూరి మర్యాద

గత ధనుర్మాసములో నొకనాటి సాయంకాలము నా మేనల్లుడు తెలిఫోనులో నొక చిట్టా చదివి వినిపించెను. సంక్రాంతి సెలవులకు భార్యాబిడ్డలతోను, స్నేహితుడొకనితోను మా యింటికి వచ్చుచున్నాడట. చూడవలసిన స్థలములట: అంతర్వేది, అప్పనపల్లి, అయినవిల్లి, ర్యాలి, దిండి, యానాము, జగ్గన్నతోట. నడుమ ఆత్రేయపురములో పూతరేకులు. అన్నియు కలిపి మూడు దినములు.

"ఎలాగుంది అత్తయ్యా, మా ప్లాను?" అని యడిగెను.

"బాగానే ఉంది నాయనా, గరుత్మంతుడు దొరికితే సాగుతుంది" అంటిని.

పటము పరచి చూచువారికి మా సీమ యరచేయంత కనబడును. గౌతమి యొక వైపు, వసిష్ఠ యొక వైపు, నడుమ వైనతేయ, దిగువను సముద్రము. వీటి నడుమ చిక్కిన నేల యెంత యుండునని తోచుట సహజమే. కాని యీ నీటి దేశములో కాకి యెగిరిన దూరము వేరు, మనుష్యుడు పోవలసిన దూరము వేరు. ఏటి కవ్వలి గట్టున నున్న యూరి గుడిగంట మన చెవిని బడుచునే యుండును. అచ్చటికి చేరుటకు మాత్రము వారధి యెక్కడ నున్నదో అక్కడికి పోయి చుట్టి రావలెను. నా చిన్నతనమున పడవలు, పంటులే గతి. పంటువాని కొరకు గట్టున గంటసేపు కూర్చుండి, తెచ్చుకొన్న పులిహోర అక్కడనే ముగించి, అవ్వలి గట్టున ఆకలితో దిగిన ప్రయాణము లెన్నియో! ఇప్పుడు వంతెనలు వచ్చి శ్రమ చాలభాగము తీరినది. దాని బదులు పండుగనాళ్లలో దారులన్నియు కొత్తయల్లుళ్ల కారులతో నిండిపోవుచున్నవి.

కావున చిట్టాను నేను తిరుగ వ్రాసితిని. దినమున కొక దిక్కు. అంతకు మించి వలదు. భోగికి ముందునాడు ర్యాలి, ఆత్రేయపురము. భోగినాడు ఇంటివద్దనే. పెద్దపండుగనాడు పెద్దలకు పెట్టుకొను దినము గనుక ఏ యింటివారును గడప దాటి మనతో ముచ్చటింపలేరు. ఆనాడు ఒకరి యూరికి పోయి తలుపు తట్టుట తగదు. కనుమనాడు జగ్గన్నతోట. ముక్కనుమనాడు అంతర్వేది. తక్కినవి మరియొక మారు. మేనల్లుడు కొంత సణిగెను. "కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా అత్తయ్యా!" అని సామెత నొకదానిని నామీదికి విసరెను. నిజమే, అందురు. కాని మా సీమలో కనుమనాడు దేవుళ్లే కదలుదురు. వారు కదలగా మనము కదలుటకు తప్పులేదు.

అంతర్వేది మాట వచ్చినపుడు డొక్కా సీతమ్మగారిని తలంపక దాటుటకు నాకు మన సొప్పదు. లంకల గన్నవరమున 1909 వరకు జీవించిన ఆ యిల్లాలు, ఏరు దాటి వచ్చువారికిని దాటబోవువారికిని వేళగాని వేళ నన్నము పెట్టినది. ఒకసారి నరసింహస్వామిని దర్శింపవలెనని పల్లకిలో బయలుదేరి పోవుచుండగా, దారిలో బడలి కూర్చున్న యొక కుటుంబమువారు, మరి కొంతదూరము నడిచినచో సీతమ్మగారి యిల్లు వచ్చును, పిల్లలకు అన్నము దొరకును అని తమలో తాము చెప్పుకొనుట ఆమె చెవిని బడినదట. పల్లకి వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, పొయ్యి రాజేసినదట. అంతర్వేది నిలిచిపోయినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక వేడుకకు ఆమె పటము కావలెనని దొరతనమువారు కోరినపుడు, పటమెందుకని మొదట నొప్పుకొనలేదనియు, అడుగవచ్చిన యధికారి తన చిక్కు చెప్పుకొని బ్రతిమాలగా అతనిని చూచి జాలిపడి కూర్చున్నదనియు మా పెద్దలు చెప్పుదురు. గన్నవరము వద్ద వైనతేయ మీదుగా కాలువ నీటిని దాటించుటకు 1852 ప్రాంతమున 49 కమానులతో కట్టిన పాత అక్విడెక్టు కలదు. దాని చెంత తరువాత కట్టిన క్రొత్తదానికి ఆమె పేరే పెట్టిరి. 2024లో రాష్ట్రమందలి బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకును ఆమె పేరే పెట్టిరి. ఏటి మీద ఏరు పోవు ఆ వింతను చూపుచు ఈ కథ చెప్పుట మా యింట చుట్టములకు జరుగు మొదటి మర్యాద.

చుట్టములు వచ్చిన రాత్రి భోజనములైన పిదప వీధి యరుగున చాపలు పరచుకొని కూర్చుంటిమి. మేనల్లుడు సైన్యములో వైద్యుడు. అతని భార్య మరాఠీ పిల్ల. వచ్చీరాని తెలుగుతో ఎంతో ముద్దుగా మాటలాడును. కొన్నేండ్ల క్రిందట మేనల్లుడు ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో ఆఫ్రికాకు పోయి, తూర్పు కాంగోలోని గోమా పట్టణమున మన సైన్యమువారి యాసుపత్రిలో పనిచేసి వచ్చినాడు. ఆ సంగతులు చెప్పుమని నేనే యడిగితిని.

ఊరికి ఉత్తరమున నీరగోంగో యను నగ్నిపర్వతము. దక్షిణమున కివూ యను మహా సరస్సు. 2002 జనవరి 17వ తేదీన ఆ కొండ పగిలి కరిగిన రాయి ఏరై ఊరిలోనికి పారి, పట్టణములో కొంతభాగమును మ్రింగివైచినదట. 2021 మే 22వ తేదీ రాత్రి మరల పారినది. చల్లారిన ఆ నల్లరాతి మీదనే, ఆ రాతితోనే, జనులు మరల నిండ్లు కట్టుకొనుచున్నారట. చెక్కతో చేసిన పెద్ద రెండు చక్రముల బండ్లమీద బొగ్గు, దుంపలు వేసికొని పల్లము దారిని జారుచు వత్తురట. సరస్సు చూచుటకు ఎంత చల్లనిదో దాని యడుగున అంత వాయువు కరిగియున్నదట. మండు వాయువు కొంత, ఊపిరాడనీయని వాయువు కొంత.

"మేము వెళ్లిన కొత్తలో మాలో ఒకతను బజార్లో ఒక ముసలమ్మని అడక్కుండా ఫొటో తీశాడు అత్తయ్యా. జనం చుట్టుముట్టేశారు. మా దుబాసీ నాలుగు మాటలు చెప్పి తప్పించాడు. తరవాత ఆ దుబాసీయే మాకు నేర్పాడు. ఎవరినైనా ఏదైనా అడగాలంటే ముందు నిలబడి జాంబో అనాలి, ఇంట్లో అందరూ కులాసానా అని అడగాలి, వాళ్లు మనని అడిగేదాకా ఉండాలి. అప్పుడు పని. కొండ చూడ్డానికొచ్చామని మాకు సరదా, ఆ కొండ కింద వాళ్ల అన్నదమ్ములు పోయారు కదా అన్నాడు" అని మేనల్లుడు చెప్పెను. 2025 జనవరిలో ఆ పట్టణము తిరుగుబాటుదారుల చేతబడిన నాటినుండి తనకు తెలిసినవారి క్షేమ మెట్లున్నదో యని దిగులుపడుచుండెను.

నేను మాటలాడలేదు. అడుగున వాయువు గల నేల మాదియు గదా! అతడు చెప్పిన దంతయు నాకు క్రొత్త కాదు. ముప్పది యేండ్లుగా ఎవరికిని చెప్పని సంగతి యొకటి ఆ రాత్రి నా నోటివెంట వచ్చినది. దానినే ఇచ్చట వ్రాయుచున్నాను.

1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి వద్ద వాయువు కొరకు త్రవ్వుచున్న బావి బ్రద్దలై, మంట మింటికి లేచినది. మార్చి 15వ తేదీ వరకు ఆరలేదు. రాత్రివేళ మా పెరటిలో నిలిచిన ఆకాశపు అంచు ఎఱ్ఱగా కనబడుచుండెను. కొబ్బరియాకుల నీడలు పెరటి గోడమీద కదలుచుండెను. చుట్టుపట్ల జనులను ఖాళీ చేయించిరి. వారు పశువులతోను, మూటలతోను, బంధువుల యిండ్లకును, దూరపు గ్రామములకును చేరిరి. అవి సంక్రాంతి దినములు. మా యింటినిండ చుట్టములు. పట్టణమునుండి వచ్చినవారు అట్టి మంటను మరల నెన్నడు చూడబోదుమని పట్టుబట్టిరి. నేను కాదనలేదు. కాదనకపోవుటయే గాదు, అరిసెలు, జంతికలు డబ్బాల కెత్తి, కాఫీ కూజాలు నింపి, పిల్లల కందరకు శాలువలు తీసి సిద్ధము చేసినదానను నేనే. చేతి కెమేరా మరచిపోకుడని గుర్తు చేసినదానను కూడ నేనే.

ఏటి కివతలి గట్టున, దూరముగా, బండ్లు ఆపుకొంటిమి. మావంటివారు ఇంకను చాలమంది వచ్చియుండిరి. పిల్లలు చప్పట్లు కొట్టుచుండిరి. మంటతోబాటు ఒక విధమైన ఘోష, పెద్దకొలిమి యూదినట్లు, ఎడతెగక వినవచ్చుచుండెను. మాలో నొకరు మంట వెనుకగా పడునట్లు కుటుంబము నంతను వరుసను నిలిపిరి. ఆ వరుసకు ముందు గట్టుమీద ఒక స్త్రీ కూర్చుండి యుండెను. ఇంచుమించు నా యీడుది. చంకను బిడ్డ, ప్రక్కను తాటాకు బుట్టలో వంటపాత్రలు, చేత నొక పెయ్యదూడ త్రాడు.

"కొంచెం పక్కకి జరుగమ్మా, మంట కనపడటం లేదు" అని మావారిలో నొకరనిరి.

ఆమె లేచి, దూడను లాగుకొని, ప్రక్కకు జరిగినది. పటము తీయుట యైనది. అప్పుడామె మా పిల్లలను, డబ్బాలను, శాలువలను తేరిపార జూచి నన్నడిగినది.

"మిమ్మల్నీ లేపేసేరేటమ్మా? ఏ ఊరు మీది? పిల్లలేవన్నా తిన్నారా?"

మాది ఏ యూరని చెప్పుదును? మా యూరు క్షేమముగా నున్నదనియు, మేము పండుగ వేడుకకై మీ మంట చూడవచ్చితిమనియు ఏ నోటితో చెప్పుదును? చేతిలోని యరిసెల డబ్బా ఆమె కందిచ్చితిని. అందులోనుండి ఆమె యొక్క యరిసె తీసి, విరిచి, బిడ్డ చేతబెట్టి, మూతవేసి డబ్బా మరల నాకే యిచ్చినది.

"మీ పిల్లలకి ఉంచండమ్మా. ఎన్నాళ్లుండాలో ఏటో" అన్నది.

తిరిగివచ్చునప్పుడు బండిలో పిల్లలు పాటలు పాడుచుండిరి. నాకు మాత్రము తల యెత్తుటకు చేతగాలేదు. కొంతకాలమునకు పటములు కడిగించి తెచ్చిరి. అందొకదానిలో మేమందరము నవ్వుచున్నాము. వెనుక మంట. ఎడమ మూలను ఆ దూడ తోక, వెనుకకాళ్లు పడినవి. ఆ పటము నేను ఆల్బములో పెట్టలేదు, చింపివేయనూ లేదు. నా పట్టుచీరల పెట్టెలో అడుగున కాగితము క్రింద నున్నది.

నేను చెప్పి ముగించిన పిదప అరుగుమీద కొంతసే పెవ్వరును మాటలాడలేదు. మరాఠీ పిల్ల మాత్రము, "ఆ అమ్మ తర్వాత ఎక్కడికి వెళ్లింది అత్తయ్యా?" అని యడిగినది. అడిగి తెలిసికొనలేదు. ఆమె పేరు కూడ నెరుగను.

ఆ యేటినుండి నా ప్రయాణపు సన్నాహమే మారిపోయినది. ఏ యూరు చూడ తలచినను ముందు ఆ యూరిలో తెలిసినవారి కొకరికి కబురుచేసి, ఆ వేళకు వారి యూరు ఎట్లున్నదో కనుగొందును. ఒకసారి నదీతీరపు వనభోజనమునకు అంతయు సిద్ధపడి, ఆ గ్రామములో నాటి యుదయమే పడుచువాడొకడు పోయినాడని విని, వండిన వంటలు మా వీధిలోనే పంచిపెట్టి ఊరకుంటిమి. పిల్లలు ఏడ్చిరి; ఏడువనిత్తును. స్నానపు రేవులలో కెమేరాలు బయటికి తీయనీయను. సోదరీమణులారా, మనము తడిచీరతో మెట్లెక్కి వచ్చుచుండగా ఎవరో గట్టుమీద నిలిచి పటము తీసిన మనకెట్లుండును? "ఎవరూ ఏమీ అనలేదు" అని కొందరందురు. ఆడది నలుగురిలో ఏమనును? కొంగు సవరించుకొని తల వంచుకొని పోవును. అది యొప్పుకొనుట యగునా?

భోగికి ముందునాడు అనుకొన్నట్లే ర్యాలికి పోయితిమి. అచ్చటి జగన్మోహినీ కేశవస్వామి ఒకే శిలలో ముందు విష్ణువు, వెనుక మోహిని. పూజారిగారు వెనుకవైపు దీపము చూపుచు శిల్పమంతయు తీరికగా వివరించిరి. ముందుగా కబురు చేసి రద్దీ లేని వేళ పోయినందుల ఫలమిది.

అచ్చటినుండి ఆత్రేయపురము. పూతరేకులు కొనుట ఎవరికైనను వచ్చును. చేయుట చూడవలెనన్న మాత్రము ఒకరి వంటయింటిలోనికి పోవలెను. మాకు తెలిసినవారి ద్వారా ఒక యిల్లాలిని ముందే యడిగి పెట్టితిమి. పొయ్యిమీద నున్ననికుండ బోర్లించియున్నది. క్రింద ఎండు కొబ్బరాకుల మంట. పలుచని బియ్యపు పాలలో గుడ్డ ముంచి కుండ వీపున నొక్క లాగు లాగును. కనురెప్ప వేయునంతలో పొర లేచివచ్చును. పొగకు ఆమె కన్నులు చింతనిప్పులవలె నున్నవి. కూలి రేకుల లెక్కన. మనతో మాటలాడిన ప్రతి నిమిషము ఆమెకు నష్టమే. మేనల్లుని స్నేహితుడు కెమేరా యెత్తి, "కొంచెం మెల్లిగా తీయండమ్మా" అనెను. "మెల్లిగా తీస్తే రేకు రాదండి" అని ఆమె చేయి యాపకుండనే బదులు చెప్పినది. మరాఠీ పిల్ల యొక మూలను నేలమీద కూర్చుండి, ఆమె తనంత తాను ముఖము త్రిప్పువరకు వేచియుండి, అప్పుడు నమస్కరించి, తన బిడ్డల పేర్లు చెప్పినది. దానితో ఆ యిల్లాలు కుండ ముందునుండి కొంచెము జరిగి, "రా, నువ్వోటి లాగు" అని గుడ్డ చేతికిచ్చినది. ఆ లాగిన రేకు చిరిగి, మసియై, అందరికి నవ్వు తెప్పించినది. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినదని స్నేహితుడు తన ఫోనులో చదివి చెప్పగా, "వచ్చిందంటండి" అని ఆమె మరల కుండవైపు తిరిగినది.

ఇక కనుమ. దీనిని గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. ఏలయన నా తెలివి బయటపడినది ఇక్కడనే.

మొసలపల్లి పొలిమేరలోని జగ్గన్నతోటలో గుడి లేదు, గోపురము లేదు, కొబ్బరితోట మాత్రమే. కనుమనాడు పదునొకండు గ్రామముల శివులు ప్రభలపై నచ్చటికి వచ్చి కొలువుదీరుదురు. వెదురులతో పెద్ద విల్లుగా కట్టి, రంగురంగుల క్రొత్తవస్త్రములు చుట్టి, వరికంకులు, గంటలు కట్టిన ఆ ప్రభలను జనులు భుజములమీద మోయుదురు. మొసలపల్లి భోగేశ్వరుడు ఇంటివాడు గనుక అందరికంటె ముందు వచ్చి, అందరును వెడలిన పిదప పోవునందురు. వ్యాఘ్రేశ్వరుని ప్రభ రాగానే తక్కిన ప్రభలను ఒకసారి పైకెత్తి గౌరవింతురు. దేవుళ్లకును ఒకరి యూరికి పోయినపుడు పాటింపవలసిన మర్యాద కలదు! గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలు ఎగువ కౌశికను దాటి రావలెను. మోయువారు గొంతులోతు నీటిలో దిగి, శరభ శరభ యని కేకలు వేయుచు, ప్రభను ఒరగనీయక ఆవలి గట్టున కెక్కింతురు. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటముగా నడచినది ఈ ప్రభల తీర్థమే. పిల్లలు దానిని టెలివిజనులో చూచియుండిరి గాని, ఆ నీరు, ఆ బురద, ఆ మనుష్యుల నరములు బిగిసిన మెడలు శకటము మీద నెట్లు కనబడును?

ముందురాత్రియే నేను అందరికి బోధ చేసితిని. చెప్పులు కారులోనే యుంచవలెను. ప్రభకు దారి విడువవలెను. నీటిలో మోయువారిని పటము కొరకు పిలువరాదు, ఆపరాదు. స్నేహితుడు తెచ్చిన యెగిరెడి కెమేరా మా బీరువాలో పెట్టించితిని. తాళపుచెవి నా బొడ్డునే యున్నది. ఇన్ని చెప్పినదానను, మా సీమవారి ఔదార్యమును గూర్చి కూడ నొకమాట గొప్పగా చెప్పితిని. "ప్రభలు పచ్చని చేలలోనుండి నడచివచ్చును. చేను త్రొక్కుడుపడిన రైతు కోపింపడు సరికదా, అదృష్టమని మురియును" అంటిని.

ఆనాడు ప్రభ యొకటి మా కన్నులముందే గట్టు దిగి పొలమున కడ్డముపడి పోయెను. దాళ్వా ఊడ్పు లప్పుడప్పుడే యైనవి. నాలుగంగుళముల పచ్చనారు నీటిలో నిలిచియున్నది. ప్రభ వెనుక మేళగాండ్రు, జనులు. ఆ జనము కొంత ముందుకు పోయిన పిదప, మేము త్వరగా తోట చేరవలెనని, పిల్లలు ముందుగా, వారి వెనుక స్నేహితుడు, వారి వెనుక చీర కుచ్చిళ్లెత్తి పట్టుకొని మరాఠీ పిల్ల, ప్రభ పోయిన బాటను విడిచి అడ్డముగా చేనిలో దిగిరి. నేను గట్టుమీద నుండియు వారింపలేదు. ఏమియు కాదను ధీమా నాకు గలదు గదా!

"ఏవండోయ్! ఊడ్చిన చేలోంచి ఏటండీ ఆ నడక?"

కొబ్బరిచెట్టు మొదట ఒక ముసలామె చేతికఱ్ఱ యెత్తి నిలిచియున్నది. నేను గబగబ పోయి, తప్పుకొనజూచుచు, "ప్రభలు తొక్కితే మంచిదంటారు కదమ్మా" అంటిని.

"దేవుడు తొక్కితే చేను ఏపుగా లేస్తదండి. మీరు తొక్కితే చచ్చూరుకుంటది. ఆయ్! దేవుడూ మీరూ ఒకటేనేటండీ?"

ఆ మాటకు జవాబు లేదు. ఆ దారి ఆమె దేవున కిచ్చినది, మా కీయలేదు. ఆమె దానమును చూపి మేము దారి చేసికొంటిమి. ఆ దారి నేర్పినదానను నేను, నేనిక్కడిదానను.

చేనిలో నున్నవారు నిలిచినచోటనే నిలిచిపోయిరి. మరాఠీ పిల్ల సంచిలోనుండి ఐదువందల రూపాయల నోటు తీసి, రెండు చేతులతో పట్టుకొని ముందుకు వచ్చినది. ఆమె యుద్దేశము మంచిదే. ముసలామె ముఖము మాత్రము మాడిపోయినది.

"డబ్బులు నాకెందుకమ్మా? మొక్క లేపు" అన్నది.

"అంటే?" అని ఆ పిల్ల నావైపు చూచినది. అర్థము చెప్పితిని. ఆమె మారుమాటాడక నోటు సంచిలో పెట్టి, పట్టుచీర కుచ్చిళ్లు బొడ్డున దోపుకొని, మరల చేనిలోనికే దిగి, అణగిన కుదురు నొకదానిని ఎత్తి నిలిపినది. అది ప్రక్కకు వ్రాలినది. "వేళ్లు బురదలోకి దించు, బొటనేలితో నొక్కు. అలా కాదు. మూడేళ్లతో పట్టుకోవాల" అని గట్టుమీదినుండి ముసలామె గద్దించుచుండెను. పిల్లలకు అది పండుగయైనది. మేనల్లుడు ప్యాంటు మడిచెను. స్నేహితుడు కెమేరా నా చేతికిచ్చి తానును దిగెను. దూరమున శరభ శరభ యను కేకలు, డప్పులు. తోటలో వ్యాఘ్రేశ్వరుని ప్రభ వచ్చి, తక్కిన ప్రభలన్నియు లేచిన ఆ ఘడియ మేము చూడలేదు.

పని జరుగుచుండగా ముసలామె నా ప్రక్కకు వచ్చి, "ఎవరింటి చుట్టాలండీ?" అని యడిగినది. మా యింటిపేరు చెప్పితిని. ఆమె నన్ను ఎగాదిగా చూచి, "ఆవిడ కోడలివా? మీ అత్తగారైతే చుట్టాలకి చెప్పి మరీ తీసుకొచ్చేది" అన్నది. మా అత్తగారు పోయి ఇరువది యేండ్లు దాటినవి. నేను గట్టుమీద నిలువలేక, ఈ వయస్సులో, మోకాలి నొప్పితో, చేనిలో దిగితిని.

ప్రొద్దు వాటారునప్పటికి పని ముగిసినది. ఆమె మనుమనిచేత బొండాలు దింపించి, కొట్టించి, ఒక్కొక్కరికి రెండేసి త్రాగువరకు వదలలేదు. కాళ్లు కడుగుకొనుటకు కాలువ మెట్లు చూపినది. మరాఠీ పిల్ల పట్టుచీర అంచు బురదలో నాని నల్లబడినది. "అది ఉతికితే పోదు, ఉండనీ" అని ముసలామె నవ్వినది. మేము తోట చేరునప్పటికి ప్రభలు మరలి పోవుచుండెను. మొసలపల్లి స్వామి యొక్కడే, అతిథులను సాగనంపి, ఇంకను కదలక కూర్చుండెను.

మరునాడు ముక్కనుమ. ఉదయము అయిదు గంటలకే లేచి, అంతర్వేదికి పులిహోర కలిపి, పెరుగన్నము కట్టి, కారులో నీళ్లడబ్బాలు పెట్టించితిని. వసిష్ఠ సముద్రములో గలియు చోట అన్నాచెల్లెళ్ల గట్టు చూపెదనని పిల్లలకు మాట యిచ్చియుంటిని. మేనల్లుని కుమారునికి పదునొకండేండ్లు. వాడు చెప్పులు తొడుగుకొనుచు, "బామ్మా, ముందు ఆ పొలానికి వెళ్దాం. నేను నిలబెట్టినవి ఉన్నాయో లేదో చూడాలి" అనెను. దారి అటుది కాదని మేనల్లుడు చెప్పెను. వాడు వినలేదు. వాని తల్లి కూడ వాని పక్షమే చేరినది.

కారు మొసలపల్లి వైపు తిరిగినది. ముసలామె గట్టుమీదనే యుండెను. మా పులిహోర ఆమె యింటి వసారాలో, అరటియాకులలో వడ్డించుకొంటిమి. ఆమె తన వంకాయ పచ్చడి తెచ్చి కలిపినది. భోజనమైన పిదప పిల్లవాడు ఆమె చేయి పట్టుకొని చేను చూడబోయి తిరిగివచ్చెను.

"చాలామట్టుకు నిలబడ్డాయండీ" అని ఆమె నాతో చెప్పినది. "ఆ మూల నాలుగు వరసలు మాత్రం వంకరపోయేయి. అయ్యి మీ డాట్రుబాబు పెట్టినయ్యే."